ఒకటో రాణోజీ

కామయ్య సిందూరం పెట్టలేదు. ఆ మాట ముందుగానే చెప్పేస్తున్నాను. మా ఉదయగిరిలో సగం విని లేచిపోయి, మిగతా సగం తామే కల్పించుకునేవాళ్లు ఎక్కువ.

నాలుగేళ్ల కిందట, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం, ఆత్మకూరులో నాటకాల పోటీ జరిగింది. మా ఊరి సమాజం వేసిన ‘రాణోజీ విజయము’ మూడో అంకం మొదలుకాకుండానే ఆగిపోయింది. రాజు వేషం కట్టాల్సిన రంగనాథానికి గొంతు పోయింది. ఆ గొంతు పోగొట్టింది కామయ్యేనని, తాంబూలంలో చిటికెడు సిందూరం కలిపి ఇచ్చాడని, రాజు వేషం మీద ఆశతోనే ఆ పని చేశాడని అప్పటినుంచి ఊరు అనుకుంటూనే ఉంది. సిందూరం తింటే ఎంతటి పాటగాడి గొంతైనా మూగబోతుందని మనవాళ్ల నమ్మకం కదా.

నేను ఐదో తరగతి దాకా చదివినదాన్ని. పెద్ద పెద్ద విషయాలు నాకు తెలియవు. కానీ ఏ సంగతికైనా మొదలు ఎక్కడుందో తెలుసుకునేదాకా నాకు అన్నం సయించదు. అయినా నాలుగేళ్లు ఈ సంగతి జోలికి పోలేదు. ఎందుకు పోలేదో చివరికి మీకే తెలుస్తుంది.

పోయిన నెలలో కలిగిరి నుంచి ఇద్దరు పెద్దమనుషులు మా ఇంటికి వచ్చారు. మా ఆయన వెంకటరమణయ్య హార్మోనియం వాయిస్తాడు. ఆ నాటకాన్నే వాళ్ల ఊళ్లో వేస్తారట, వాయించడానికి రమ్మని అడిగారు. రాజు వేషం కట్టే మూడో రాణోజీ ఇంకా కుదరలేదన్నారు. మా ఆయన వెంటనే, “మా కామయ్య ఉండాడు గదా! పద్యాలన్నీ నోటికొచ్చు. అట్టాంటి గొంతు మీకు నెల్లూరులో గూడా దొరకదు” అన్నాడు.

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“కామయ్య అంటే ఆ సిందూరం కామయ్యేనా?” అన్నాడు పెద్దాయన.

కాఫీ సగం తాగి, మళ్లీ కబురు చేస్తామని చెప్పి వెళ్లిపోయారు. కబురు రాలేదు. ఆ రోజు నాకు నిజంగానే అన్నం సయించలేదు.

కామయ్యది వరికుంటపాడు పక్క పల్లె. నలభై ఆరులోనో ఏడులోనో కరువు తగిలి భార్య చెంచులక్ష్మిని, చంకలో పిల్లను తీసుకుని ఉదయగిరి వచ్చాడు. మా వీధి చివర కోటిలింగం మండీలో కొలతగాడిగా కుదిరాడు. వేరుశనగ, ఆముదాలు, చింతపండు, ఏ సరుకు వచ్చినా కొలిచేది, తూచేది అతనే. ఆ మండీ మీరు చూసి ఉండరు. ముందు వెడల్పుగా ఉండి లోపలికి పోయేకొద్దీ సన్నబడే గది, కిటికీ లేదు, నడిమధ్యాహ్నం కూడా వెనక గోడ కనపడదు. పొద్దున ఏడింటికి లోపలికి పోయినవాడు దీపాలు పెట్టే వేళకు దుమ్ముతో తెల్లగా బయటికి వచ్చేవాడు.

కొలిచేటప్పుడు మనవాళ్లు ఒకటి అనరు కదా, లాభం అంటారు. కామయ్య కుంచం ఎత్తి, “లాభం... లాభం... రెండూ... రెండూ...” అని రాగం తీస్తుంటే బండ్లవాళ్లు కాడి విప్పడం మరిచిపోయేవాళ్లు. మా ఆయన ఒకనాడు ఆ దారిన పోతూ ఆగిపోయాడు.

“ఎవుర్రా అది, ఆముదాలకు మోహన రాగం కడతా ఉండేది?” అన్నాడు.

అట్లా కామయ్య మా అరుగు ఎక్కాడు. ఆదివారాలు మధ్యాహ్నం నాటక సమాజం సాధన మా అరుగు మీదే. లోపల పప్పు రుబ్బుకుంటూ నేను విననిది అక్కడ ఏదీ జరగలేదు.

నాటకం రాసింది మా ఇంట్లో అద్దెకుండిన తెలుగు అయ్యవారు. కథ మరాఠీల సేనాపతి రాణోజీ సిందేది. నిజమెంతో చరిత్ర చదివినవాళ్లు చెప్పాలి గానీ, జనం చెప్పుకునే కథ ఇది. రాణోజీ పేదవాడు. పీష్వా బాజీరావు కొలువులో ఆయన చెప్పులు మోసే పని. ఒకనాడు లోపల మంత్రాంగం ఎంతకీ తెగలేదు. బయట కూర్చున్న రాణోజీకి కునుకు పట్టింది. పీష్వా బయటికి వచ్చి చూస్తే, నిద్రలో కూడా ఆ చెప్పులను రెండు చేతులా గుండెకు హత్తుకుని ఉన్నాడు. చెప్పులనే ఇంత పదిలంగా చూసుకున్నవాడు రాజ్యాన్ని ఇంకెంత పదిలంగా చూస్తాడని పీష్వా అతన్ని దండులో చేర్చుకున్నాడు. రౌతు అయ్యాడు, సేనాపతి అయ్యాడు, మాళవం గెలిచి ఉజ్జయినిలో కొలువు తీర్చాడు. అతని సంతతివాళ్లు తరతరాలు రాజ్యం ఏలారు. తనను పైకి తెచ్చిన ఆ పాత చెప్పులను మాత్రం చివరిదాకా పెట్టెలో దాచుకున్నాడట.

మన నాటకాల్లో పెద్ద పాత్రను ఒక్కడే మొదటినుంచి చివరిదాకా కట్టడు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు ఉన్నట్టే ముగ్గురు రాణోజీలు. చెప్పులు పట్టుకునే ఒకటో రాణోజీ కామయ్య. కత్తి తిప్పే రెండో రాణోజీ బస్సు కండక్టరు తిరుపాలు. అతనికి మీసం ఉంది, పద్యం లేదు. పద్నాలుగు పద్యాలు పాడి సింహాసనం ఎక్కే మూడో రాణోజీ, కోటిలింగం తమ్ముడు రంగనాథం. తెరలూ దుస్తులూ కోటిలింగం కొన్నవే కాబట్టి పీష్వా వేషం ఆయనదే. చెప్పులు కూడా ఆయనవే. వీధి మొదట్లో అడుగు వేస్తే చివర ఉన్న మా ఇంటికి వినపడే కిర్రు చెప్పులు.

మొదటిసారి నలభై ఎనిమిదిలో వేశారు. ఒకటో రాణోజీకి ఉన్నవి రెండే పద్యాలు, ఆ తర్వాత నిద్ర. ఆ నిద్ర చూడాలి మీరు. మెల్లగా తల వాలుతుంది. చెప్పులు జారబోతాయి. కళ్లు తెరవకుండానే చేతులు వాటిని వెతుక్కుని, దొరకబుచ్చుకుని, పసిబిడ్డను అదుముకున్నట్టు గుండెకు అదుముకుంటాయి. ఆడవాళ్లందరం ఏడ్చాం. కోటిలింగం పీష్వాగా వచ్చి, చూసి, చెయ్యి చాపి, “లెమ్ము రాణోజీ!” అంటాడు. తెర పడుతుంది. మళ్లీ తెర లేచేసరికి లేచి నిలబడి ఉండేది తిరుపాలు.

ఆరేళ్లలో ఆ నాటకం ఎన్ని ఊళ్లలో వేశారో. మర్రిపాడులో వేశారు, కలిగిరిలో వేశారు. అన్నిచోట్లా కామయ్య నిద్రకే చప్పట్లు. అన్నిచోట్లా అతను తెర వెనకాలే లేచాడు.

అతని కూతురు పద్మావతి అప్పటికి ఏడెనిమిదేళ్లది. ఒక ఆదివారం మా అరుగు మీద కూర్చుని అందరి ముందూ అడిగింది:

“నాయనా, నువ్వెప్పుడు లేస్తావు?”

“నేను లేస్తే చెప్పులెవురు చూస్తారమ్మా?” అన్నాడు నవ్వుతూ. నవ్వాడు గానీ ఆ తర్వాత అందించాల్సిన పద్యం ఎత్తు తప్పాడు. కామయ్య ఎత్తు తప్పడం నేను అదే వినడం.

మూడో రాణోజీ పద్యాలు పద్నాలుగూ అతనికి వచ్చు. రంగనాథం మరిచిపోయినప్పుడల్లా పక్కనుంచి అందించేది ఎవరు మరి? రంగనాథం సాధనకు రాని ఆదివారం మా ఆయన, “కామయ్యా, ఆ ఉజ్జయిని పద్యం ఒకసారి పాడు” అనేవాడు. కామయ్య నిలబడి పాడేవాడు కాదు. గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని పాడేవాడు. రుబ్బురోలు ఆపి నేను వినేదాన్ని. ఆ మనిషిని సింహాసనం మీద చూడాలని అతనికెంత ఉందో నాకూ అంతే ఉండేది.

ఈలోగా ఊరు అతనికి ఒక పని కల్పించింది. పెళ్లిళ్లలో చెప్పులు విప్పి, “రాణోజీ! జాగర్తరా” అని అతని చేతికి ఇచ్చేవాళ్లు. వేళాకోళమే. అతను కూడా నవ్వుతూనే పట్టుకునేవాడు. ఒకరి పెళ్లిలో నేను చూశాను, బంతి లేచేదాకా పదకొండు జతల మధ్య కూర్చుని ఉన్నాడు. భోజనానికి ఎవరూ పిలవలేదు. అతనికి చెప్పులు అప్పగించి పోయినవాళ్లంతా ఎవరో ఒకరు పిలిచి ఉంటారని అనుకున్నారు.

చెంచులక్ష్మి ఆ రోజు మొగుడి మీద మండిపడింది. “ఆ కిర్రు చెప్పులు మోసీ మోసీ నీ గుండెకాయ గూడా తోలు అయిపొయ్యుంటుంది! వేషం అయిపోయినాక గూడా ఈ చాకిరీ ఏంది?”

“పోనీలేవే. వాళ్లకు మంచి వేషం కనపడింది, పిలస్తా ఉండారు.”

“మంచి వేషమంట! పండుకొనే దానికి గూడా ఒక వేషం!”

యాభై రెండులో ఆత్మకూరు సమాజంవాళ్లు కబురు పంపారు, మా ఊరు వచ్చెయ్యి, రాజు వేషాలే ఇస్తాం, మిల్లులో పని కూడా చూపిస్తాం అని. కామయ్య ఆ కాగితం పట్టుకుని కోటిలింగం దగ్గరికి పోయాడు. కోటిలింగం కసురుకుని ఉంటే బాగుండేది. కసురుకోలేదు. కాగితం చదివి, మడిచి, అతని జేబులోనే పెట్టాడు.

“పోతే పో నాయనా. నేను పట్టుకోలా. కరువులో వచ్చినప్పుడు నిన్ను మనిషిగా చూసింది ఈ గడప. నువ్వు ఈ ఇంటి మనిషివి అనుకున్నా. నీకు అట్టా లేకపోతే పో.”

ఆ మాట విన్నాక ఏ మనిషి కాలు కదుపుతాడు? కామయ్య కదపలేదు. సంకెళ్లు వేసి ఉంటే తెంచుకునే దారి చూసేవాడేమో. కోటిలింగం వేసింది భుజం మీద చెయ్యి.

ఆత్మకూరు పోటీకి ముందు చెంచులక్ష్మి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. “అక్కా, శెట్టిగారితో మీరొక మాట చెప్పండి. మీ మాట ఇంటాడు. ఒక్క నాటకం, ఒకే ఒక్కసారి ఆ కుర్చీ ఎక్కితే చాలక్కా. మళ్లీ ఎప్పుడూ అడగడు. నిద్దట్లో గూడా ఆ పద్యాలే.”

నేను పోయాను. కోటిలింగం మాకు వరస, అన్న అవుతాడు.

“అన్నా, ఆ కామయ్యకు మూడో వేషం ఒకసారి ఇస్తే నీ సొమ్మేం పోతుంది?”

“అదేంది సుబ్బమ్మా, నీకు గూడా చెప్పబళ్లా? వాడు లేస్తే ఎవురు పండుకుంటారు? ఆ నిద్ర ఇంకెవుడికి చేతనవుతుంది?”

“అంటే బాగా చేసినందుకా ఈ శిక్ష?”

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. “సరే. ఆత్మకూరు ఒక్కటి కానీ. కప్పు గెలవబళ్లా? వచ్చే ఏడు మూడో వేషం వాడిదే. చెప్పు పో.”

నేను పరుగున పోయి చెప్పాను. చెంచులక్ష్మి చేతులు పట్టుకుంది. కామయ్య మాత్రం, “వచ్చే ఏడా అక్కా?” అని అడిగాడు, ఆ వచ్చే ఏడు ఏ వైపు నుంచి వస్తుందో తెలియనట్టు.

పోటీ రోజు వంతుల చీటీలు తీస్తే మాకు మధ్యాహ్నం మూడు గంటలు వచ్చింది. మే నెల ఎండ. పొద్దున్నే బయలుదేరాం. తెరలూ దుస్తుల పెట్టె బస్సు మీద, మనుషులం లోపల. పాటగాళ్ల గొంతులకు శొంఠి కషాయం కాచి చెంబులో పట్టుకుని నేను కూడా వెళ్లాను. కామయ్య చేతిలో తాంబూలం సంచి. అన్నదమ్ములిద్దరికీ ఆకులు చుట్టి ఇవ్వడం ఎప్పుడూ అతని పనే.

ఇక్కడ నేను కళ్లతో చూసింది చెబుతాను. రంగనాథం దారి పొడుగునా, బస్సులో ఆడపిల్లలు ఉన్నారని, పైశ్రుతిలో పాడుతూనే వచ్చాడు. దుమ్ము నోట్లోకి పోతున్నా ఆపలేదు. మా ఆయన రెండుసార్లు చెప్పాడు, “గొంతు దాచుకో నాయనా” అని. ఆత్మకూరులో దిగగానే, రంపపుపొట్టులో దాచిన ఐసు కొట్టించుకుని వరసగా మూడు గోలీసోడాలు తాగాడు. నేను లెక్కపెట్టాను. మూడు. ఏ గొంతైనా ఆ తర్వాత ఏమవుతుంది? సిందూరం ఎందుకు?

నాటకం మొదలైంది. ఆ రోజు కామయ్య పడుకున్న పడక నేను మళ్లీ చూడలేదు. పట్టపగలు, రేకుల పందిరి కింద చెమటలు కారుతున్న జనం విసనకర్రలు ఆపేశారు. “లెమ్ము రాణోజీ!” అని తెర పడగానే ఎవరో, “ఈడే రాజు!” అని అరిచారు. తెర వెనక అది కామయ్య విన్నాడు. నేను అతని మొహం చూస్తూనే ఉన్నాను.

రెండో అంకం తిరుపాలు కత్తితో సరిపోయింది. ఇక మూడోది. తాటాకుల దడి కట్టిన వేషాల గదిలో రంగనాథం పద్యం ఎత్తి చూసుకున్నాడు. గాలి వచ్చింది, గొంతు రాలేదు. ఇంకోసారి ఎత్తాడు. తిత్తి చిరిగిన చప్పుడు. అందరూ అతని చుట్టూ మూగారు. నేను కషాయం చెంబు పట్టుకుని ముందుకు పోయాను. గోల గోల, తలా ఒక మాట. ఎవరికి తోచింది వాళ్లు అన్నారు.

ఆ తర్వాత మా ఆయన వెనక్కి తిరిగి, “కామయ్యా! ఇంకేం చూస్తావురా, లే! జరీ కోటు తొడుక్కో” అన్నాడు.

కామయ్య మూలన దుస్తుల పెట్టె పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు, ఒకటో రాణోజీ గుడ్డల్లోనే, కిర్రు చెప్పులు ఒళ్లో పెట్టుకుని. దండెం మీద వేలాడుతుండాల్సిన రాజు పాగా, ముత్యాల కుచ్చుతో సహా ఆ పెట్టె మీద ఉంది. అది అక్కడికి ఎలా వచ్చిందో అప్పుడు నేను పట్టించుకోలేదు.

“నాకు పద్యాలు రావు” అన్నాడు కామయ్య.

“ఏందిరా రాకపొయ్యేది? మా అరుగును అడుగు, అది గూడా పాడుతుంది నీ పద్యాలు!”

“నాకు రావు సామీ.”

బయట ఈలలు మొదలయ్యాయి. మా ఆయన బతిమాలాడు. తిరుపాలు తిట్టాడు. కోటిలింగం పీష్వా కిరీటంతోనే నిలబడి కామయ్య చేతిలో ఉన్న తాంబూలం సంచిని చూస్తూ ఉన్నాడు. పది నిమిషాల తర్వాత పోటీవాళ్లు వచ్చి తెరలు విప్పుకోమన్నారు.

తిరుగు బస్సులో కామయ్య పక్కన ఎవరూ కూర్చోలేదు. వారం తిరిగేసరికి ఊరంతా సిందూరమే.

రంగనాథం గొంతు నెల రోజుల్లో బాగుపడింది. కామయ్యకు పోయింది మాత్రం తిరిగి రాలేదు. అతను చుట్టిన ఆకు తర్వాత ఎవరూ వేసుకోలేదు. నాటకం మళ్లీ వెయ్యలేదు. వేరే మండీల్లో అడిగితే, “వద్దులే నాయనా” అన్నారు. కోటిలింగం మాత్రం తీసెయ్యలేదు. వచ్చిన ప్రతివాడితోనూ, “ఇంకెవుడూ పెట్టుకోడు గదా, నేనే పెట్టుకున్నా” అని చెబుతాడు, కామయ్యకు వినపడేటట్టే. దుస్తుల పెట్టె ఇప్పుడు ఆ చీకటి మండీలో వెనక గోడకు ఉంది. కామయ్య దాని మీదే కూర్చుంటాడు. కొలిచేటప్పుడు నోరు తెరవడు. కుంచానికొక చింతగింజ పక్కన వేసి, చివర్న గింజలు లెక్కపెట్టి చెబుతాడు. లాభం అనే మాట ఆ మండీలో వినపడి నాలుగేళ్లయింది.

కలిగిరివాళ్లు వచ్చిపోయిన మర్నాడు నేను బయలుదేరాను. ఈ మాట మొదట ఎవరి నోట పుట్టిందో పట్టుకుంటే, దాన్ని అక్కడే నొక్కి, కలిగిరివాళ్ల ముందు నిలబెట్టవచ్చని నా ఆలోచన.

మొదట పక్కింటి కోటమ్మ. “నీకు ఎవురు చెప్పినారే ఆ సిందూరం సంగతి?”

“ఎవురో ఏంది, ఊరంతా చెప్పలా? నాకైతే రాహేలమ్మ చెప్పింది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు, నీకు తెల్దా?”

రాహేలమ్మ మంత్రసాని. ఆమె కాన్పు చూసి వచ్చేదాకా గుమ్మంలో కూర్చున్నాను. చేతులు కడుక్కుంటూ చెప్పింది: “తిరుపాలు పెళ్లాం పురిటికి పొయ్యుంటి. అతనే చెప్పినాడు. కళ్లారా చూసినోడు గదమ్మా, మనకెందుకు అనుమానం?”

తిరుపాలును బస్టాండులో పట్టుకున్నాను. బస్సు కదలబోతోంది. మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

“తిరుపాలూ! కామయ్య సిందూరం పెట్టంగా నువ్వు చూసినావంట్రా?”

“నేనేడ చూసినానక్కా! నేను కత్తి తిప్పతా ఉంటి.”

“మరి ఎవురు చెప్పినారు నీకు?”

తిరుపాలు ఈల నోట్లో పెట్టుకోబోయి ఆపాడు. నా వైపు వింతగా చూశాడు.

“నువ్వే గదక్కా అనింది. వేషాల గదిలో. కషాయం చెంబు పట్టుకోని. ‘ఎవురన్నా సిందూరం పెట్టినారా ఏంది రంగనాథం, నోరంతా అంత ఎర్రగా ఉండాది?’ అంటివి. మేమంతా ఇనింటిమి గదా.”

ఈల వేశాడు. బస్సు కదిలింది. దుమ్ములో నేను నిలబడిపోయాను.

అన్నాను. అవును, అన్నాను. ఇందాక ఎవరికి తోచింది వాళ్లు అన్నారని చెప్పానే, అందులో నాకు తోచింది అది. వేళాకోళానికి అన్నాను. ఆకు నమిలిన నోరు ఎర్రగా ఉండక తెల్లగా ఉంటుందా? పాటగాడి గొంతు బొంగురుపోతే మన ఇళ్లలో ఎవరైనా అనే మాటే అది. నేను అంటూండగానే గదిలో గోల ఆగింది, కోటిలింగం కళ్లు ఆ సంచి మీదికి పోయాయి. చూశాను కూడా. చూసి, చెంబు మూత పెట్టుకున్నాను. అందుకే నాలుగేళ్లు ఈ సంగతి మొదలు వెతకలేదని ఇప్పుడు అనిపిస్తోంది. ఊళ్లో ప్రతి ఇంటి గుట్టూ వెతికినదాన్ని, దీన్ని వెతకలేదు.

ఇంటికి పోలేదు. నేరుగా మండీకి వెళ్లాను. పన్నెండు దాటింది. కోటిలింగం భోజనానికి పోయాడు. లోపలికి పోతే బయటి వెలుతురు వీపు మీదే ఆగిపోయింది. కాసేపటికి గానీ కామయ్య కనపడలేదు. పెట్టె మీద కూర్చుని ఆముదాల రాశి ముందు చింతగింజలు సర్దుకుంటున్నాడు. జుట్టు నెరిసింది. నలభై దాటలేదు, నాకు తెలుసు.

“రా అక్కా” అన్నాడు. లేచి ఆ పెట్టె మీద తుండుగుడ్డ పరిచాడు నా కోసం. నేను కూర్చోలేదు.

“కామయ్యా, కలిగిరోళ్లు వచ్చినారు, తెలుసా?”

“తెలుసక్కా. వచ్చినారు, పొయ్యినారు.”

“నేను పొయ్యి చెబుతా వాళ్లకు. సిందూరం లేదు, పాడు లేదు, మూడు సోడాలు తాగినాడని చెబుతా. రాసిస్తా కావాలంటే.”

“మీకెందుకక్కా ఎండన పడి.”

“ఆ మాట పుట్టించింది నేనంట్రా.”

గింజ ఒకటి అతని చేతిలోనుంచి జారి ఆముదాల్లో పడితే దాన్ని ఏరుకున్నాడు. తెలియని సంగతి విన్న మనిషి మొహం కాదు అది. నాలుగేళ్లుగా అతనికి తెలుసు. పండగకు మా ఇంటికి వచ్చాడు, నా చేత్తో పెట్టిన బొబ్బట్లు తిన్నాడు, మా పిల్లల పెళ్లిలో చెప్పులు కాచాడు. ఎన్నడూ ఒక మాట అనలేదు.

“పద్యాలు రావని ఎందుకు అంటివి? పద్నాలుగూ వచ్చు గదా నీకు. ఆ పద్యాల కోసమే గదా ఆరేళ్లు పండుకొనింది. నిజం చెప్పు. ఆ రోజు నా మాట నీ చెవిన పడిందా?”

కామయ్య పెట్టె మూత మీద పరిచిన తుండుగుడ్డను ఒకసారి సవరించాడు.

“పడిందక్కా. మీరంతా రంగనాథం చుట్టూ ఉండారు, నా పక్క ఎవురూ చూడలా. ఎవురూ లెమ్మనకముందే నేను లేచినా. పాగా నెత్తిన పెట్టుకోని ఉండా. మీ మాట ఇనపడినాక తీసి పెట్టె మీద పెట్టేసినా.”